పదకొండు పిలుపులు

శవం సైకిల్ షెడ్డులో దొరికింది. అబ్జర్వేటరీలో డాక్టరమ్మ దగ్గర తొమ్మిదేళ్ళు అసిస్టెంటుగా పనిచేసిన మనిషి. మెడ వెనక ఒకే ఒక్క పోటు. సన్నగా, బొత్తాం కుట్టినంత శుభ్రంగా ఉంది.

"దర్జీ పని," అన్నాడు చీఫ్, ఫోటోని బల్లమీద బోర్లించి. "విదేశీ ముఠాలో ఇంత నీటుగా చంపేవాడు వాడొక్కడే."

ఎదురుగా కూర్చున్న ఏజెంటు ఫోటోని మళ్ళీ తిప్పి చూశాడు. ఆఫీసులో అతన్ని తాబేలు అంటారు. నడక మెల్లగా ఉంటుందని కాదు, ఏ మాట తగిలినా లోపలికి ముడుచుకుపోతాడని.

"విను. రెండ్రోజుల కిందట సూర్యుడి మీద పెద్ద పేలుడు. దాని మేఘం ఇవాళ మధ్యాహ్నం మూడూ పదికి భూమికి తగులుతుందట. నిమిషంతో సహా లెక్కగట్టి చెప్పింది డాక్టరమ్మ. అలా చెప్పగలిగింది ఆవిడొక్కతే."

"తగిలితే?"

"అయస్కాంత తుఫాను. పైన అయనోస్ఫియర్ అని ఒక పొరుంది. మన షార్ట్‌వేవ్ రేడియో మాట దానికి తగిలే మళ్ళీ కిందికొస్తుంది. కోస్తా రాడారూ అంతే, ఆ పొరని అద్దంలా వాడుకుని సముద్రం అవతలికి చూస్తుంది. తుఫానొచ్చిందా, అద్దం పగిలినట్టే. నలభై నిమిషాలు మనకి కళ్ళూ లేవు, చెవులూ లేవు."

"ఆ సందులో?"

"అబ్జర్వేటరీ వెనక ఉప్పు మైదానంలో చిన్న విమానం దిగుతుంది. ఆవిడ లెక్కతోనే ఆవిడని ఎత్తుకుపోతారు. అసిస్టెంటు జేబులోంచి ఆ కాగితం కొట్టేశారు."

"ఆవిడ్ని ముందే ఇంకోచోటికి మార్చేస్తే సరి కదా సార్."

"చచ్చినా కదలనంటోంది. ఈ తుఫాను కోసం ఆరేళ్ళు కూర్చుందట." చీఫ్ నుదురు రుద్దుకున్నాడు. "రోడ్డు మలుపులో జీపు నిండా మనవాళ్ళుంటారు. నువ్వు ఫోన్ చేస్తే వస్తారు. ముఠాలో మనకో మనిషి ఉంది. కోడ్‌నేమ్ నెమలి. విమానం కబురు చెప్పింది ఆవిడే. అక్కడికొస్తుంది."

"నమ్మొచ్చా?"

"సగం. మిగతా సగం తేల్చుకోడానికే నిన్ను పంపుతున్నా."

ఆ మాట అంటున్నప్పుడు చీఫ్ అతని మొహంలోకి చూడలేదు.

*

తాబేలుకి ఆరేళ్ళుగా ఒక చప్పుడు వినిపిస్తోంది. ఎవరో చేటలో బియ్యం చెరుగుతున్నట్టుండే హోరు. కుళాయి తిప్పితే వినిపిస్తుంది, పెనం మీద నూనె కాగితే వినిపిస్తుంది. ఆరేళ్ళ కిందట ఒక ఉదయం అతను హెడ్‌ఫోన్లు పెట్టుకుని రేడియో ముందు కూర్చున్నాడు. సముద్రం అవతల, శత్రువుల ఊళ్ళో, రేడియో రిపేరు కొట్టు పెట్టుకుని గూఢచారిగా ఉన్నవాడు స్వయానా అతని బావ, చెల్లెలి మొగుడు. గుట్టు బయటపడిందని కబురందింది. పంపాల్సింది రెండే మాటలు: 'ఇల్లు మారు.' తాబేలు పంపుతూనే ఉన్నాడు. అవతల్నుంచి హోరు తప్ప మరేమీ రాలేదు. ఆ మధ్యాహ్నమే వాళ్ళొచ్చి బావని తీసుకుపోయారు. ఆ తర్వాత చెల్లెలు అన్నగారి గుమ్మం తొక్కలేదు.

*

డాక్టరమ్మ పరికరాలున్న గది చెక్కతో కట్టింది. ఒక్క ఇనప మేకు కూడా లేదు. గుమ్మం దగ్గర కొయ్య పళ్ళెం పెట్టి ఉంది. మెకానిక్ వేషంలో వచ్చిన తాబేలు బెల్టు, వాచీ, తాళాలు, చివరికి పిస్తోలు కూడా అందులో పెట్టాల్సొచ్చింది.

"బూట్లలో మేకులుంటే అవీ విప్పు," అంది డాక్టరమ్మ. అరవై దాటిన మనిషి. బక్కపలచగా ఉంది, కళ్ళు మాత్రం నిద్రపోయి ఎన్నాళ్ళో అయినట్టున్నాయి. "అయస్కాంత శక్తిని కొలిచే ఈ మాగ్నెటోమీటర్‌కి చాదస్తం ఎక్కువ. అరచేతిలో గుండుసూదున్నా అలుగుతుంది."

"ఆయుధం లేకుండా మిమ్మల్నెలా కాపాడమంటారు?"

ఆవిడ ఒక ఇత్తడి స్పానర్ అతని చేతిలో పెట్టింది. "బరువుగానే ఉంటుంది."

బల్లమీద మాగ్నెటోమీటర్ కాగితం చుట్ట మెల్లగా తిరుగుతోంది. దానిమీద సన్నటి కలం తిన్నగా గీత గీస్తోంది. అలమారులో రేడియో దూరదేశపు వాతావరణ వార్తలు చదువుతోంది.

మూడింటికి గుమ్మంలో అత్తరు వాసన వేసింది. నల్ల కళ్ళద్దాలు, నీలం పట్టుబట్టలు. వచ్చినావిడ నగలన్నీ పళ్ళెంలో పెట్టి లోపలికొచ్చింది.

"ఈ గదిలోకి ఎండ రాదా?"

అది కోడ్. జవాబు తాబేలు చెప్పాలి. ఆ గొంతు అతనికి తెలుసు. ఉయ్యాల్లో ఉన్నప్పట్నించీ తెలుసు.

"వస్తే... కాగితాలు పాడవుతాయి," అన్నాడు చివరికి. "అమ్ములూ, నువ్వా!"

ఆమె కళ్ళద్దాలు తీసింది. "నెమలి. డ్యూటీలో ఉన్నాం."

అప్పుడే కలం చిన్నగా ఎగిరి పక్కకి జరిగింది.

"తుఫానా?" అన్నాడు తాబేలు.

"అంత చిన్నగా రాదది. ఇది ఇనుము," అంది డాక్టరమ్మ. "పెద్ద ఇనుమే. కారో వ్యానో వచ్చి వెనకవైపు ఆగింది."

తాబేలు ఒక్క అంగలో ఫోను అందుకున్నాడు. లైను కోసేశారు. చెల్లెలి వైపు తిరిగాడు. ఆమె కంగారుపడలేదు. కంగారుపడకపోవడమే అతనికి సమాధానం.

సరిగ్గా మూడూ పదికి కలం పిచ్చెక్కినట్టు కాగితం అంచులదాకా కొట్టుకుంది. రేడియోలో గొంతు సగం మాటలో మునిగిపోయింది. గది నిండా హోరు.

బియ్యం చెరుగుతున్న హోరు.

తాబేలు చెయ్యి స్పానర్ మీదే బిగుసుకుపోయింది. ఆ హోరు అడుగునెక్కడో బావ చేతి మోర్స్ కట్‌కట్‌లు వినబడుతున్నట్టున్నాయి, జవాబు కోసం.

"ఇంకా వినబడుతోందా నీకు?" అంది చెల్లెలు. గొంతులో జాలి లేదు. "ముఠావాళ్ళు నాకు ఆ రోజు రేడియో లాగ్ చూపించారు, విన్న ప్రతి పిలుపూ రాసుకునే పుస్తకం. మన స్టేషన్నుంచి ఒక్క పిలుపూ లేదు. ఒక్కటంటే ఒక్కటి! నువ్వు భయపడ్డావో, ఆఫీసు వద్దందో నాకనవసరం. మా ఆయన్ని చావనిచ్చారు. నేను చీఫ్ మనిషినే అన్నయ్యా, ఆ లాగ్ చూసేదాకా. విమానం సంగతి చీఫ్‌కి చెప్పింది నిన్ను పంపుతాడని. నీ కళ్ళముందే ఒక మనిషి పోతుంటే నువ్వేం చెయ్యలేకుండా నిలబడాలని."

"పంపాను," అన్నాడు తాబేలు.

"ఏ తారీకు?" అంది డాక్టరమ్మ హఠాత్తుగా.

చెల్లెలు చెప్పింది. ఆవిడ మొహం పాలిపోయింది. పాత చుట్టలున్న పెట్టె తాళం తీయలేదు, ఏ చుట్ట ఎక్కడుందో వెతకలేదు. ఆ రోజు చుట్ట బల్లమీదే ఉంది, అంచులు నలిగిపోయి.

"ఆ తుఫాను సాయంత్రం వస్తుందని రాసిచ్చింది నేను," అంది. "ఉదయం పదింటికే వచ్చింది. ఆరు గంటలు తప్పాను. దానివల్ల ఎవరో పోయారని తెలుసు గానీ ఎవరో చెప్పలేదు నాకు. అప్పట్నించీ ఈ చుట్టే చూస్తున్నాను, మా రేడియో సంకేతాలు గీసిన చుట్ట. ఇదిగో, పైన పొర చచ్చిపోయిన చోటు. సముద్రం అవతలికి ఏదీ వెళ్ళదు. కానీ మీ ట్రాన్స్‌మిటర్ ఇక్కడికి అయిదు మైళ్ళే. నేల మీదుగా మాకు అందింది. ఈ నిలువు గీతలు చూడు. ఎవరో పిలుస్తూనే ఉన్నారు. నలభై నిమిషాల్లో పదకొండు సార్లు."

"నాకు ఎనిమిదే గుర్తు," అన్నాడు తాబేలు.

చెల్లెలు గీతల మీద వేలు పెట్టింది. ఒకటి, రెండు, మూడు... వేలు చివరి గీత దగ్గర ఆగిపోయింది. ఆమె ఏడవలేదు. కళ్ళు మాత్రం దిక్కు తెలియనట్టు గదంతా తిరిగాయి.

బయట అడుగుల చప్పుడు.

"నెమలీ!" దర్జీ గొంతు. "పొగ పెట్టేశాను. విమానం కనబడుతోంది. ముసల్దాన్ని తీసుకురా!"

తాబేలు తలుపు వెనక్కి చేరాడు. చెల్లెలు అతన్నే చూస్తోంది. ఆమె నోట్లోంచి ఒక్క మాట వస్తే చాలు. దర్జీ చెక్క తలుపులోంచే కాల్చగలడు.

"ఒక్కదాన్ని మొయ్యలేను," అంది బయటికి. "లోపలికి రా. మెకానిక్ పనైపోయింది."

తలుపు తెరుచుకుంది. ముందు పిస్తోలు, తర్వాత చెయ్యి, తర్వాత తల. ఇత్తడి స్పానర్ నిజంగానే బరువుగా ఉంది.

దర్జీ నేల కరిచేసరికి చెల్లెలు గుమ్మం దాటేసింది. తాబేలు వెంట పరిగెత్తాడు. ఉప్పు మైదానం మీద నారింజ రంగు పొగ లేస్తోంది, 'దిగు' అని. పైలట్‌కీ రేడియో లేదు. తుఫానుకి మనా పరాయీ తెలియదు. ఆ పొగే వాడికి దిక్కు. విమానం చక్రాలు నేలకి రెండు నిలువుల ఎత్తుకి వచ్చేశాయి.

చెల్లెలు పట్టుబట్టల మడతలోంచి లిప్‌స్టిక్ గొట్టంలాంటిది తీసి, మూత కొరికి విసిరింది. ఆకుపచ్చ పొగ. 'పారిపో.'

విమానం నేలని ముద్దాడబోయి, ఒళ్ళు జలదరించినట్టు ఊగి, ముక్కు పైకెత్తి, వాళ్ళ తలల మీదుగా సముద్రం మీదికి పోయింది. గాలికి ఉప్పు లేచి ఇద్దరి మొహాలూ తెల్లబడ్డాయి. మైలు దూరంలో మలుపు దగ్గర జీపు స్టార్టయిన చప్పుడు వినిపించింది. రెండు రంగుల పొగ చూశాక వాళ్ళకి ఫోనుతో పనిలేకపోయింది.

"ఏమని పంపావు?" అంది చెల్లెలు, పొగవైపే చూస్తూ.

"ఇల్లు మారు అని."

ఆమె పొగ మీంచి చూపు తిప్పుకుంది. తర్వాత రెండు చేతులూ ముందుకు చాచింది, బేడీలకి. అతని దగ్గర బేడీలు లేవు. ఆ చేతులు పట్టుకుని నిలబడ్డాడు, జీపు వచ్చేదాకా.

నాలుగింటికి రేడియో మళ్ళీ మాట్లాడింది. అతని చెవుల్లో హోరు మాత్రం పూర్తిగా తగ్గలేదు. తగ్గుతుందని అతనూ అనుకోలేదు.

మర్నాడు ఆఫీసు గుమస్తా ఫారం తెచ్చాడు. పట్టుబడిన మనిషి గురించి తాబేలే నింపాలి. "ఇక్కడ రెండే గడులు సార్. 'మనవాళ్ళు', 'పరాయివాళ్ళు'. ఏదో ఒకదాంట్లో టిక్కు పెట్టండి."

తాబేలు రెండూ కొట్టేసి పక్కన 'చెల్లెలు' అని రాశాడు. చీఫ్ ఆ ఫారం చూసి పావుగంట తిట్టాడు. చివరికి, డిపార్ట్‌మెంటు ఫారంలో ఆ కాలమ్ లేకపోవడం ప్రింటింగ్ పొరపాటని నోట్ రాసి సంతకం పెట్టాడు.