పెసల్లో చిటికెడు ఉప్పు

తెల్లవారి ఐదున్నరకు శాలన్ పొయ్యి మీద టీ గిన్నె పెట్టిందో లేదో, వరండాలో బరువు చూసే మిషన్ చప్పుడైంది. మూడు రోజులుగా ఆ ఇంట్లో కోడి కూతకన్నా ముందు వినిపించేది అదే. కూతురు సాయలి మిషన్ ఎక్కింది, దిగింది, చెవిపోగులు తీసి పక్కన పెట్టి మళ్లీ ఎక్కింది. శాలన్ గరిటె చేత్తో పట్టుకునే గుమ్మం దాకా వచ్చి నిలబడింది. అడగాలంటే భయం, అడక్కుండా ఉండలేదు.

"యాభై కిలోల తొమ్మిది వందల గ్రాములు. రాత్రి ఎంతో ఇప్పుడూ అంతే," అంది సాయలి. పెదవులు పగిలి ఉన్నాయి. మాట గొంతు దాటి రావడమే కష్టంగా ఉంది.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి సాంగ్లీలో తూకం. రాష్ట్ర జట్టుకు ఎంపిక కుస్తీలు, సాయలిది యాభై కిలోల విభాగం. ఒక్క గ్రాము ఎక్కువున్నా చాప మీద కాలు పెట్టకుండానే తిరిగి రావాలి. పోయినేడు ఒక్క పాయింటుతో పోయిన చోటు అది. దానికోసం పిల్ల ఏడాది పొడుగునా ఒళ్లు హూనం చేసుకుంది.

మంచం మీంచి తాత ధోండీరాం ఎప్పటి పాటే అందుకున్నాడు. ఆయన కొల్హాపూర్ ఎర్రమట్టి గోదాలో పెరిగిన పహిల్వాన్. ఆ రోజుల్లో ఊరి పెద్దలు ఇద్దరి ఒడ్డూ పొడుగూ చూసి జోడీ కుదిర్చేవాళ్లు. తిన్నవాడు మొనగాడు, మాడినవాడు సన్యాసి.

"మనుషుల్ని బెల్లం దిమ్మల్లా తూచడమేమిటే పిల్లా? రేపు సంతలో అమ్ముతారా మిమ్మల్ని?"

రోజూ నవ్వే సాయలి ఇవాళ నవ్వలేదు. గబగబా వంటింట్లోకి వెళ్లి, రాత్రి తను తినగా మిగిలిన ఉడికిన పెసల గిన్నె మూత తీసింది. నిద్రలోనే అరకిలో దిగాలని, దిగలేదంటే ఉప్పెక్కడో ఒంట్లో చేరి నీళ్లు పట్టేసిందని కుస్తీ నేర్పే వస్తాదు చెప్పాడట. నోరెండిపోయి మూడు రోజులుగా ఏ రుచీ తెలియని పిల్ల, నాలుగు గింజలు నాలుక మీద పెట్టుకుని కళ్లు మూసుకుంది.

"ఇందులో ఉప్పుంది. నిమ్మకాయ అంతలా ఎందుకు పిండారో ఇప్పుడర్థమైంది. ఎవరు వేశారు?"

శాలన్ తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. మూడు రాత్రుల కిందట పిల్లకు పిక్కలు పట్టేసి, నేల మీద చుట్టుకుపోయి, దుప్పటి పళ్లతో కరిచి పట్టుకుంది. అది చూశాక మర్నాడు పెసలు ఉడుకుతుంటే ఆమె చెయ్యి తనంతట తనే ఉప్పు డబ్బాలోకి వెళ్లింది. చిటికెడే కదా అనుకుంది. పూటకో చిటికెడు.

"నేనేలే," అన్నాడు ధోండీరాం మంచం మీంచి లేవకుండానే. పిల్ల కుస్తీ నేర్చే తాలీంకు టిఫిన్ డబ్బా తీసుకెళ్లేది ఆయనే మరి. "ఉప్పు లేని కూడు తిని ఎవడు కుస్తీ పడతాడే? పశువులక్కూడా ఉప్పురాయి నాకిస్తాం."

సాయలి ఆయన ముందుకొచ్చి నిలబడింది. "నేను గెలవడం నీకిష్టం లేదు తాతా. మట్టిలో నువ్వు గెలిచిందే గెలుపు, చాప మీద నాది ఆట. అంతేగా? రేపు నువ్వు రావద్దు."

పిల్ల ఎక్కడ కుస్తీ పట్టినా ముందు వరసలో ఆయన కాషాయరంగు తలపాగా ఉండాల్సిందే. రేపటి కోసం రాత్రే మడత విప్పి మేకుకు తగిలించుకున్నాడు. ఇప్పుడు నెమ్మదిగా లేచి, దాన్ని తీసి, మడతపెట్టి పెట్టెలో పెట్టేశాడు.

చెమట పట్టి బరువు దిగాలని సాయలి రెండు స్వెట్టర్లు వేసుకోవడానికి లోపలికెళ్లగానే శాలన్ మామగారి దగ్గరకొచ్చింది.

"మీకు తెలుసా మామయ్యా?"

"మొదటి రోజే చూశా."

"మరి మీ మీదెందుకు వేసుకున్నారు?"

"నా మీద అలిగితే నాలుగు రోజులు. అమ్మ చేతి తిండి మీదే అనుమానం వస్తే, ఆ పిల్ల ఇంక ఎవరి చేతి తిండి తింటుందమ్మా?"

శాలన్‌కు సిగ్గేసింది. తల్లిననే పేరు చాటున దాక్కుని ఈ ముసలాయన పరువు తీసింది తను. ఇక ఆగలేకపోయింది. లోపలికి వెళ్లి, కూతురి స్వెట్టర్ అంచు పట్టుకుని, ఉప్పు వేసింది తనేనని చెప్పేసింది.

"నువ్వు రాత్రి మూలుగుతుంటే వినలేకపోయానే. నీ పతకం నాకెందుకు, నువ్వు లేచి తిరిగితే చాలనిపించింది. తప్పే. నిన్నడగాల్సింది."

సాయలి తల్లి మొహం వంక చూసింది. ఏడవాలనుకుందేమో, ఏడవడానికి ఒంట్లో నీళ్లు లేవు. తర్వాత గదిలోంచి బయటికొచ్చి, పెట్టె తెరిచి, తలపాగా తీసి మళ్లీ మేకుకు తగిలించింది. తాత నల్ల గొంగడి భుజాన వేసుకుంది.

"స్కూటర్ తియ్యి తాతా. రంకాళా చెరువు చుట్టూ పరిగెడతాను. వెనకాలే వచ్చి, ఆగితే తిట్టు."

ఆ రోజంతా శాలన్ ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగింది. ఊడ్చిన గదే ఊడ్చింది. గుమ్మం దగ్గర స్కూటర్ చప్పుడైన ప్రతిసారీ బయటికొచ్చింది. పిల్ల వచ్చేది, మిషన్ ఎక్కేది, మాట్లాడకుండా మళ్లీ వెళ్లేది.

మర్నాడు సాంగ్లీలో తూకం గది బయట తలుపు వంకే చూస్తూ నిలబడ్డారు మామాకోడళ్లు. ఎనిమిదీ పావుకు సాయలి గోడ పట్టుకుని బయటికొచ్చింది.

"నలభై తొమ్మిది కిలోల తొమ్మిది వందల యాభై," అంది.

ధోండీరాం తలపాగా సర్దుకుంటున్నట్టు చెయ్యి పైకెత్తి కళ్లు తుడుచుకున్నాడు. శాలన్ సీసా అందించింది. నిమ్మరసం, పంచదార కలిపిన నీళ్లు. సాయలి ఒక గుక్క తాగి ఆగింది.

"చప్పగా ఉంది."

"ఉప్పు విడిగా పొట్లం కట్టి తెచ్చాను. నువ్వు చెప్పకుండా వెయ్యను."

సాయలి సీసా తల్లి ముందు పట్టుకుంది. "మధ్యాహ్నం కుస్తీకి సత్తువ కావాలి. నీ చేత్తోనే వెయ్యమ్మా. ఎప్పుడూ వేసేంత."

పొట్లం విప్పుతుంటే శాలన్ కన్నీళ్లు సీసా మీద బొటబొటా రాలాయి.

"సీసా పక్కకు పట్టు పిల్లా," అన్నాడు ధోండీరాం. "మీ అమ్మ మళ్లీ ఎక్కువ వేసేస్తోంది."

సాయలి నవ్వింది. నవ్వుతూనే సీసా ఎత్తి, అడుగు దాకా తాగేసింది.