నాన్న మానేసిన మాత్రలు

"ఇవి వెనక్కి తీసుకోండి. మా నాన్నకి క్యాన్సర్ తెచ్చే మందులు మాకొద్దు!"

లిఫ్ట్ మెకానిక్ నాలుగు మాత్రల షీట్లు మందుల షాపు కౌంటరు మీద పడేశాడు. బయట వాన దంచికొడుతోంది. అతని జుట్టులోంచి నీళ్లు కారి బిల్లు పుస్తకం తడుస్తోంది.

ఫార్మసిస్ట్ అమ్మాయి టిష్యూ పేపర్లు ముందుకు తోసింది. "ముందు తల తుడుచుకోండి. తర్వాత పోట్లాడదాం."

తల తుడుచుకుంటూ కోప్పడటం ఎలాగో అతనికి తెలియలేదు.

"ఇవి కొలెస్ట్రాల్ మాత్రలు. మీ నాన్నగారి చీటీ చూసి నెలనెలా నేనే ఇస్తున్నాను. ఆపమని ఎవరన్నారు?"

"నేనే. ఫోన్లో చదివాను. కొలెస్ట్రాల్ మరీ తగ్గినవాళ్లలో క్యాన్సర్ ఎక్కువట."

"ఆపి ఎన్నాళ్లైంది?"

"మూడు వారాలు."

"గుండెకి స్టెంట్ వేసిన మనిషికా?" ఆమె గొంతు పెరిగింది. "బుద్ధుందా మీకు?"

అతను తల దించుకున్నాడు. "మా అమ్మ క్యాన్సర్‌తోనే పోయిందండీ. మళ్లీ ఆ వార్డు గుమ్మం తొక్కే ధైర్యం నాకు లేదు."

ఆమె మెత్తబడింది. ఇవతలికొచ్చి స్టూలు జరిపింది.

"మీరు చదివినదాంట్లో సగం నిజముంది. కొందరికి క్యాన్సర్ బయటపడకముందే లోపల మొదలై, అదే కొలెస్ట్రాల్‌ని తగ్గిస్తుంది. రిపోర్టులో తగ్గుదల ముందు కనిపిస్తుంది, జబ్బు తర్వాత కనిపిస్తుంది. దాంతో తప్పు తగ్గుదల మీద పడుతుంది. వేలమందిని ఏళ్ల తరబడి గమనించారు. ఈ మాత్రల వల్ల క్యాన్సర్ పెరిగినట్టు తేలలేదు."

"అంటే నాన్నని నేనే ప్రమాదంలో..."

"ఇంకా ఏం కాలేదుగా! పదండి, డాక్టరుగారికి ఫోన్ చేద్దాం."

డాక్టరు చెడామడా తిట్టి, ఆ పూటే మాత్రలు మొదలుపెట్టమన్నారు. ఇంటికెళ్లి తప్పు ఒప్పుకుంటే తండ్రి నవ్వాడు. "నేను మాత్రలు మింగుతుంటే భయంతో పాలిపోయే నీ మొహం చూడలేకపోయాన్రా. అందుకే నువ్వు మానమనగానే మానేశా."

తర్వాత రెండు నెలలపాటు మెకానిక్‌కి ఎక్కడలేని జబ్బులూ వచ్చాయి. సోమవారం జలుబు, గురువారం వేలికి గీత.

"ఈ గీతకి బ్యాండేజీ కాదు, భూతద్దం కావాలి," అనేది ఆమె. అయినా తనే శ్రద్ధగా కట్టు కట్టేది.

రక్తపరీక్ష రిపోర్టు వచ్చిన సాయంత్రం తండ్రీకొడుకులిద్దరూ షాపుకొచ్చారు. ఆమె వేలు పెట్టి ఒక్కో అంకె చదివింది. "అన్నీ బాగున్నాయి. ఇక భయం లేదు."

"భయం మళ్లీ వస్తుందండీ, నా సంగతి నాకు తెలుసు," అన్నాడు అతను. చెవులు ఎర్రబడ్డాయి. "వచ్చినప్పుడల్లా ఫోన్ తియ్యకుండా మీకే చెప్పుకోవాలనుంది. జీవితాంతం. మీకిష్టమైతేనే."

ఆమె రిపోర్టు మడిచింది. విప్పింది. మళ్లీ మడిచింది. వెనకాల పెద్దాయన గట్టిగా దగ్గాడు.

"దగ్గుమందు ఇవ్వనా మావయ్యా?" అంది, తలెత్తకుండానే.

ఇన్నాళ్లూ అంకుల్ అన్న అమ్మాయి. ఆ పిలుపు అర్థం కావడానికి కొడుక్కి ఓ క్షణం పట్టింది. తండ్రికి అదీ పట్టలేదు.

"వద్దమ్మా," అన్నాడు, "తగ్గిపోయింది."