పెద్దాయన బొటనవేలు

ఇంటి వెనకే చీజు కార్ఖానా. ప్రతి మంగళవారం పెద్ద తొట్టిలో గడ్డకట్టిన పాలను వట్టి చేత్తో నొక్కి చూసి, "కొయ్యండి" అనడం పెద్దాయనకు ముప్పయ్యయిదేళ్ల అలవాటు. ఆ మాట పడందే కత్తి కదలదు. గ్లవుజులు తొడుక్కోవాలని కోడలు గోడకు కాగితం అంటించింది కానీ, అది పనివాళ్ల కోసమని ఆయన నమ్మకం. మొన్న డబ్బా మూత కోసుకుని బొటనవేలు చీముపట్టినా, గుడ్డపేలిక చుట్టుకుని ఈ మంగళవారమూ అలాగే నొక్కాడు.

శుక్రవారం పొద్దున టిఫిన్ల దగ్గర కోడలు మెల్లగా విషయం చెప్పింది. కార్ఖానాలో పరీక్షల గది ఆమెదే. మంగళవారం తోడు సరిగా అందుకోక పాలు పులియడం ఆలస్యమైంది. గోరువెచ్చని పాలలో క్రిములకు అంత తీరుబడి దొరికితే ఏం చేస్తాయోనని ఆమె ఒక ముక్కను పెద్ద ల్యాబుకు పంపింది. అందులో విషం ఉందని తేలింది. సరుకు వ్యాను ఎక్కడానికి వీల్లేదంది.

"దానికింత రాద్ధాంతమా? కరిగించి బాగా మరిగిస్తే ఏ క్రిమైనా చస్తుంది," అన్నాడు పెద్దాయన.

"క్రిమి చస్తుంది మావయ్యా. అది వదిలిన విషం చావదు. పాము చచ్చినా కోరలో విషం ఉంటుంది కదా."

పెద్దాయనకు అరికాలి మంట నెత్తికెక్కింది. తన చేతి సరుకు తిని ఒక్కరికైనా కడుపునొప్పి వచ్చిందా అన్నాడు. నిన్నగాక మొన్న వచ్చినదానివి నాకు నేర్పుతావా అన్నాడు. కొడుకు అడకత్తెరలో పోకచెక్కలా ఇద్దరి మొహాలూ చూస్తూ కూర్చున్నాడు. కోడలు అన్నీ పడింది. సరుకున్న చల్లగది తాళంచెవి మాత్రం గుప్పిట్లోంచి వదల్లేదు.

ఆమె లెక్కలో తప్పు పట్టి తీరాలని పెద్దాయన విసవిసా పరీక్షల గదికి నడిచాడు. బల్లమీద పుస్తకం తెరిచే ఉంది. తొట్టి, కత్తి, గొట్టాలు, ఆరుగురు పనివాళ్ల చేతులు, కొడుకు చేయి, చివరికి తన చేయి కూడా దూది పుల్లతో తుడిచి పరీక్షించినట్టు రాసుకుంది. అన్నీ శుభ్రమే. అడుగున ఒక్క వరుస మాత్రం ఖాళీగా ఉంది.

"ఇదెవరిది?" అన్నాడు, వెనకాలే వచ్చిన కోడలితో.

"మీదే మావయ్యా. మూడు రోజులుగా అడగాలనుకుంటున్నాను. నోరు రాలేదు."

అప్పుడు పేలిక కింద వేలు సలపడం తెలిసింది ఆయనకు. ఇందాక అందరి ముందూ ఈ ఒక్క మాట అనేస్తే తన నోరు మూతపడేది. ఈ పిల్ల అనలేదు, తిట్లు తింది. పెద్దాయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పేలిక విప్పి చేయి చాపాడు.

"తుడువమ్మా," అన్నాడు.

సోమవారం ఫలితం వచ్చింది. ఆయన వేలిలో ఉన్నదీ అదే క్రిమి. పెద్దాయన దగ్గరుండి సరుకంతా పారబోయించి, తప్పు తన చేతిదేనని పనివాళ్లకు తనే చెప్పాడు.

మర్నాడు తొట్టికి బారెడు దూరంలో, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. గ్లవుజు తొడుక్కున్న కోడలు పాలగడ్డలో వేలు గుచ్చి పైకెత్తింది.

"చితికిపోతోంది మావయ్యా."

"ఇంకాస్త ఆగు."

కాసేపాగి మళ్లీ చూసింది. "ఇప్పుడు నున్నగా చీలింది."

పనివాళ్లు కత్తులతో పెద్దాయన వైపు తిరిగారు.

"నన్ను చూస్తారేంరా? అమ్మాయిని అడగండి," అన్నాడాయన.

కోడలు పనివాళ్ల వైపు తిరిగి, "కొయ్యండి" అంది.