పిలవడం ఆపకు

పోయినేడాది చలికాలం పోతానంటూనే పోలేదు, ఎండాకాలం అది పోకముందే వచ్చి కూర్చుంది. రెండూ కలిసి మా ప్రాణాలు తీశాయి. తెల్లవారుజామున దుప్పటి ముసుగెట్టినా పళ్ళు టకటకలాడేవి. పదకొండయ్యేసరికి ఫ్యాను లేకపోతే ఉడికిపోయేవాళ్ళం. పొద్దు వాలకుండానే మళ్ళీ స్వెట్టరు. వేసుకోవడం, విప్పడం, వేసుకోవడం, విప్పడం... ఆ చాకిరీకి నా స్వెట్టరు గుండీలన్నీ ఊడిపోయాయి. ఊళ్ళో ఏ ఇంటి ముందు నడిచినా లోపల్నుంచి దగ్గే.

నాది రేవులో టికెట్లిచ్చే పని. రేవంటే పెద్దగా ఊహించుకోకండి. నీళ్ళలోకి దిగే మెట్లు, పడవ కట్టే ఇనప గుంజ, ఒక రేకుల గది. గదిలో ఒక బల్ల, ఒక బెంచీ, టీ కాచుకోవడానికి స్టవ్వు. ఎదురుగా సముద్రం భూమిలోకి చొచ్చుకొచ్చిన పాయ. అవతలి ఒడ్డున చిన్న పేట. ఆ పేటకి మనుషుల్ని దాటించే మోటారు పడవ మా తమ్ముడు నడుపుతాడు. సెలవుల్లో తప్ప రేవుకి జనం రారు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నాతో మాట్లాడే దిక్కు వాడొక్కడే. వాడు అవతలికి వెళ్తే నేను స్టవ్వుతో మాట్లాడుకునేదాన్ని. దానికి విసుగు రాదు, అంతవరకూ నయం.

అమ్మ పోయేనాటికి వాడికి పాలపళ్ళు కూడా ఊడలేదు. నేనే పెంచాను. నాకు పెళ్ళీ పెటాకులూ లేవు, వాడికీ ఇంకా కాలేదు. అన్నం తినిపించిన చేత్తోనే నోరు కూడా నేర్పినట్టున్నాను. నేను "ఒరేయ్ సన్నాసీ" అంటే వాడు "ఏమే మైకూ" అంటాడు, అక్కననే భయం భక్తీ ఏ కోశానా లేకుండా. మైకు నా పేరు కాదు, నా గొంతుకి ఊరు పెట్టిన పేరు. నేను రేవులో అరిస్తే అవతలి ఒడ్డున కాకులు లేస్తాయట. ఎవరేమన్నా నాకు నవ్వే గానీ, వాడు మాత్రం నా దగ్గర మాట పడి ఊరుకునే రకం కాదు. ఒకటంటే రెండు తిరిగొస్తాయి.

ఆ రోజు మధ్యాహ్నం ఎండ మాడ్చేసింది. రేకుల మీద చెయ్యి పెడితే బొబ్బలే. అవతలి పేటకి వెళ్ళాల్సిన టీచరమ్మ ఒక్కతే వచ్చింది. వాడు ఆవిణ్ణి ఎక్కించుకుని తాడు విప్పుతుంటే నేను గుమ్మంలోంచి అరిచాను.

"స్వెట్టరు తీసుకెళ్ళరా సన్నాసీ, గాలి మారేట్టుంది."

"నీ నోటి వేడి చాల్లేవే, పాయంతా కాగుతోంది."

టీచరమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పడవ వెళ్ళిపోయింది. నేను టీకి నీళ్ళు పెట్టుకున్నాను.

ఆవిడ అవతలి మెట్లెక్కడం కిటికీలోంచి చూశాను. పడవ తిరిగి బయల్దేరడం కూడా చూశాను. స్టవ్వు తగ్గించి మళ్ళీ తలెత్తేసరికి అవతలి ఒడ్డు లేదు.

పాయలో పొగమంచు మాకు కొత్త కాదు. ఎండకి కాగిన గాలి చల్లటి నీళ్ళ మీదకి వస్తే మంచు పుడుతుంది, అంతే సంగతి. కానీ అంత తొందరగా రావడం నేనెప్పుడూ చూడలేదు. ముందు సముద్రం వైపు నుంచి ఒక వాసన వచ్చింది, ఎప్పటినుంచో మూసి ఉన్న పెట్టె తెరిచినట్టు. తర్వాత చప్పుళ్ళు పోయాయి. అల చప్పుడు, రేకులు చిటపటమనే చప్పుడు, అన్నీ. ఆ తర్వాత మంచు మెట్ల మీదకి ఎక్కింది. గుంజ కనబడలేదు. ఒళ్ళంతా జిల్లుమంది. స్వెట్టరు తగిలించుకున్నాను.

మంచు పడితే మోగించడానికి మాకు సైరన్ ఉంది. ఉందంటే, గోడకి ఉంది. చెడిపోయిందని ఆఫీసులో మొత్తుకుంటే "చూస్తాం" అన్నారు. ఇప్పటికీ చూస్తూనే ఉన్నారు. అందుకని ఆ పని నా గొంతే చేస్తుంది. నేను పిలుస్తాను. వాడు మోటారు ఆపి వింటాడు, "ఓయ్" అంటాడు, నా గొంతు వైపు కాస్త నడుపుతాడు, మళ్ళీ ఆపి వింటాడు. అలా అలా రేవుకి చేరతాడు. కాకపోతే అప్పుడు సముద్రం నీళ్ళు వెనక్కి తీసే వేళ. మోటారు ఆపిన పడవని ఆ నీళ్ళు పాయలోంచి బయటికి, నడిసముద్రంలోకి ఈడ్చుకుపోతాయి. అలా పోయినవాళ్ళు ఉన్నారు. తిరిగొచ్చినవాళ్ళు లేరు.

పరుగున వెళ్ళి పై మెట్టు మీద నిలబడ్డాను.

"ఒరేయ్ సన్నాసీ...!"

కొంచెం ఆగి, చాలా దూరం నుంచి, "ఓయ్!"

పిలుస్తూనే ఉన్నాను. వాడు పలుకుతూనే ఉన్నాడు. ఒకసారి కుడి వైపు నుంచి, ఒకసారి ఎడమ వైపు నుంచి. మంచులో గొంతు అలాగే తిరుగుతుంది. నా గొంతు బొంగురుపోతోంది. ఒకసారి పిలిచాక జవాబు రాలేదు. మళ్ళీ పిలిచాను. రాలేదు.

అప్పుడు కింది మెట్ల మీద అడుగుల చప్పుడైంది.

మంచులోంచి పైకొచ్చాడు. మా వాడే. అదే గళ్ళ చొక్కా, అదే నడక.

"నీ మొహం మండ! పలకవేంరా? పై ప్రాణాలు పైనే పోయాయి!" అని వీపు మీద ఒకటిచ్చాను.

"వచ్చేశాగా అక్కా," అన్నాడు.

"పడవ?"

"కట్టేశా."

చెయ్యి పట్టుకుని గదిలోకి లాక్కొచ్చాను. చెయ్యి వెచ్చగా ఉంది. హమ్మయ్య అనుకున్నాను. బెంచీ మీద కూర్చోబెట్టి టీ పోసిచ్చాను. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తల వంచుకుని కూర్చున్నాడు.

"స్వెట్టరు తీసుకెళ్ళమంటే వెటకారాలా? బుద్ధొచ్చిందా సన్నాసీ?"

"వచ్చింది అక్కా."

"మంచు పడుతుంటే అవతలే ఆగొచ్చుగా? బుర్రలో గుజ్జుందా?"

"తప్పే అక్కా."

నాకు ఏదో వెలితిగా అనిపించింది. అలిసిపోయాడేమోలే అనుకున్నాను. తల తుడుద్దామని తువ్వాలు తీశాను. జుట్టు మీద చెయ్యి వేశాను.

పొడిగా ఉంది.

భుజం తడిమాను. చొక్కా కూడా పొడిగానే ఉంది. అప్పుడే ఎండలోంచి తీసిన బట్టలా వెచ్చగా ఉంది. గది కిటికీ మీద నీళ్ళు కారుతున్నాయి. ఆ మంచులోంచి వచ్చిన మనిషి మీద చుక్క తడి లేదు.

అప్పుడు బయట్నుంచి వినిపించింది.

"అక్కా...! పిలవడం ఆపకు...!"

మా వాడి గొంతే. చలికి వణికిపోతున్న గొంతు.

బెంచీ మీద కూర్చున్నవాడు తలెత్తలేదు. చాలా మెల్లగా అన్నాడు.

"తలుపు వెయ్యి అక్కా... చలేస్తోంది."

"బయట... ఎవర్రా అది?"

"ఎవరో. నా గొంతుతో పిలుస్తున్నారు. పలక్కు."

నేను గుమ్మం దాకా వెళ్ళి ఆగాను. చచ్చినవాళ్ళు చల్లగా ఉంటారంటారు. వీడు వెచ్చగా ఉన్నాడు. నా చేత్తో పట్టుకుని చూశాను. చల్లగా ఉన్నది బయటి గొంతు. మరి వీడి జుట్టు...? లోపలున్నవాడే నా తమ్ముడైతే, నేను బయట నిలబడి దేన్ని పిలుస్తాను? బయటున్నవాడే నా తమ్ముడైతే... నేను పిలవని ప్రతి నిమిషం వాణ్ణి నీళ్ళు లాక్కుపోతున్నాయి.

"అక్కా...!" ఈసారి ఇంకా దూరం నుంచి. ఏడుపు కలిసిన గొంతు. తర్వాత కోపం. "ఎక్కడ చచ్చావే మైకూ...! నోరు పడిపోయిందా...!"

అంతే. నాకు తెలిసిపోయింది. గదిలో కూర్చున్నవాణ్ణి వచ్చిన దగ్గర్నుంచీ తిడుతూనే ఉన్నాను. ఒక్క మాట తిరిగి అనలేదు. "తప్పే అక్కా" అన్నాడు. నా తమ్ముడు పుట్టి బుద్ధెరిగి నాతో ఆ మాట అన్నాడా?

బయటికి అడుగు వేశాను. వెనక నుంచి ఆ గొంతు.

"నువ్వు పిలిస్తే వాడు వచ్చేస్తాడు అక్కా..."

వెనక్కి తిరిగి చూడలేదు.

"నన్ను ఎవరూ పిలవలేదు... ఎంతసేపు విన్నా."

ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను. భయంతో ఒళ్ళు చల్లబడిపోతోంది, కానీ ఏడుపు మాత్రం జాలితోనే వచ్చింది. ఏడుస్తూనే మెట్ల మీదకి పరిగెత్తాను.

"ఒరేయ్ సన్నాసీ...! ఇక్కడరా...! ఇటు రా...!"

ఎంతసేపు అరిచానో తెలీదు. గొంతులో నెత్తురు రుచి తగిలింది. మోటారు చప్పుడు కాసేపు వినిపించేది, ఆగేది. "ఓయ్" అనేవాడు. కొంచెం దగ్గర... ఇంకొంచెం దగ్గర... చివరికి పడవ ముక్కు మెట్టుకి కొట్టుకున్న చప్పుడు.

చేతికి ఏది దొరికితే అది పట్టుకుని లాగాను. చొక్కా నీళ్ళు కారుతోంది. చెయ్యి మంచుగడ్డ. కనురెప్పల నుంచి నీటిబొట్లు రాలుతున్నాయి. పళ్ళు కొట్టుకుంటూనే తిట్టాడు.

"మధ్యలో ఎందుకు ఆపావే? టీ తాగుతున్నావా?"

వాణ్ణి కావలించుకుని నవ్వాను, ఏడ్చాను. వాడు తాడు గుంజకి చుట్టాడు. ఒక కాలు కింది మెట్టు మీద, ఒక కాలు పై మెట్టు మీద. నేను వాడి చెయ్యి వదల్లేదు.

అప్పుడు సముద్రం వైపు నుంచి, మంచులోంచి, పెద్దగా...

"ఒరేయ్ సన్నాసీ...! ఎక్కడున్నావురా...!"

నా గొంతు.

బొంగురుపోయిన నా గొంతే. నేను నోరు మూసుకునే ఉన్నాను.

వాడు నెమ్మదిగా తల తిప్పి నన్ను చూశాడు. మొహాన్ని, భుజాల్ని, జుట్టుని చూశాడు.

"ఇంతసేపూ నువ్వు బయటే ఉన్నావా?" అన్నాడు గుసగుసగా.

"ఉన్నాన్రా. పిలుస్తూనే ఉన్నాను."

"మరి... జుట్టు తడవలేదేంటి?"

తల మీద చెయ్యి పెట్టుకున్నాను. పొడిగా ఉంది. స్వెట్టరు తడిమి చూసుకున్నాను. పొడిగా, వెచ్చగా ఉంది.

"ఒరేయ్... నేనేరా."

"ఒరేయ్...! ఇటు రారా...!" అంటోంది మంచులో గొంతు. ఆ గొంతులో ఏడుపుంది. పిల్లాణ్ణి పోగొట్టుకున్న తల్లి ఏడుపు. అచ్చం నేను ఏడ్చినట్టే ఏడుస్తోంది.

వాడు చెయ్యి లాక్కోబోయాడు. నేను గట్టిగా పట్టుకున్నాను. కింది మెట్టు మీదున్న కాలు పడవ వైపు జరిగింది. నన్ను అలా చూడటం నేనెప్పుడూ ఎరగను. చిన్నప్పుడు సంతలో తప్పిపోయి, ఎవరో కొత్త మనిషి ఎత్తుకున్నప్పుడు కూడా వాడు అలా చూడలేదు.

"వదలండి," అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"మీకు దణ్ణం పెడతాను... నన్ను వదిలెయ్యండి. మా అక్క పిలుస్తోంది."

నేను వదల్లేదు. రెండు చేతులతో పట్టుకుని మెట్ల మీద కూలబడ్డాను. వాడు పెనుగులాడాడు, బతిమాలాడు, ఏడ్చాడు. ఆ గొంతు పిలుస్తూ పిలుస్తూ దూరమైంది. పొద్దుగూకే వేళకి గాలి తిరిగి మంచు విడిపోయింది. నీళ్ళ మీద ఏమీ లేదు. గదిలో ఎవరూ లేరు. బెంచీ మీద టీ గ్లాసు నిండుగా అలాగే ఉంది.

ఇదంతా అయి ఏడాదైంది. వాడు నాతోనే ఉంటున్నాడు. ఏ లోటూ చెయ్యడు. కూరలు తెస్తాడు, నాకు జ్వరం వస్తే మందులు తెస్తాడు. "భోంచేశారా?" అని అడుగుతాడు. "తలుపు వేసుకోండి, చలిగా ఉంది," అంటాడు. నేను ఏమన్నా మాట తిరిగి అనడు. తల వంచుకుని "సరేనండి" అంటాడు. అక్కా అనడం మానేశాడు. పేటలో టీచరమ్మ, "మీ తమ్ముడికి ఇన్నాళ్ళకి మర్యాద వచ్చిందే!" అని మెచ్చుకుంది. నేను నవ్వాను. ఇంటికెళ్ళి దిండులో మొహం పెట్టుకుని ఏడ్చాను. తిట్టరా, ఒక్కసారి తిట్టరా అని ఎన్నిసార్లు అడిగానో. ఒక్కోసారి అద్దం ముందు నిలబడి నన్ను నేను చూసుకుంటాను. నేను నేనే. నాకు అన్నీ గుర్తున్నాయి. వాడి మొదటి పన్ను ఊడింది కూడా గుర్తుంది.

ఈ ఏడూ వాతావరణం అలాగే ఉంది. తెల్లారితే చలి, మధ్యాహ్నం మంట. నిన్న మళ్ళీ పాయలో మంచు దిగింది. పడవ ముందే కట్టించేశాను. ఇద్దరం గదిలోనే ఉన్నాం. నేను స్టవ్వు దగ్గర, వాడు గుమ్మంలో కూర్చుని. బయట ఏమీ వినిపించడం లేదు. నేను చెవులు రిక్కించి విన్నాను, నిజంగా ఏమీ లేదు.

వాడు ఉన్నట్టుండి నవ్వాడు. ఏడాదిగా నేను వినని నవ్వు అది. సముద్రం వైపు చూస్తూ లేచి నిలబడ్డాడు.

"అరవకే మైకూ, వస్తున్నా," అన్నాడు.

నేను నోరే తెరవలేదు.