రాళ్ల షెడ్డులో గాలి

కర్నూలును ఆనుకున్న కల్లూరు చివర, చిన్న చిన్న కార్ఖానాలన్నీ దాటాక, ఒక రేకుల షెడ్డు ఉంది. పొద్దు మునిగితే అటు షేర్ ఆటో కూడా తిరగదు. లోపల గాలి ఉందని పేరు. గాలంటే తెలుసుగా... మనిషికి సోకే గాలి.

సముద్రం అడుగునుంచి తెచ్చిన నల్లరాళ్లను ఆ షెడ్డులో పొడికొట్టి పరీక్షలకు పంపుతారు. చూడ్డానికి కాల్చిన ఉర్లగడ్డల్లా, అదే బంగాళాదుంపల్లా ఉంటాయి. "మునిగి సచ్చినోళ్లు ఆ రాళ్లను పట్టుకోనే వచ్చినారప్పా" అని టీ బంకు లక్ష్మీదేవమ్మ తేల్చేసింది. వాన మొహమే సరిగ్గా చూడని కర్నూలుకు సముద్రపు దెయ్యాలు! మన రాత చూడండి.

నవ్వి ఊరుకునేవాళ్లే. కానీ లోపల గాలి ఉందన్నది చదువుకున్న మనిషి. రాళ్లను పరీక్షించే ఆరాధన మేడం ఒకరోజు షెడ్డులోంచి గబగబా బయటికొచ్చి, "లోపల గాలి చేరింది, నేను చెప్పేదాకా ఎవరూ పోవద్దు" అని కారెక్కి వెళ్లిపోయింది.

మేడమే చెప్పాక ఇంకేముంది! అక్కడ రాళ్లు కొట్టే ఓబుళేశు, తోటివాళ్లు కలిసి, గాలి వీధిలోకి రాకుండా కిటికీలకు గోనెసంచులు కుక్కారు. రేకుల సందులకు బంకమట్టి మెత్తారు. గడపకు నిమ్మకాయలు కట్టారు.

ఓబుళేశు భార్య శివజ్యోతికి ఐదో నెల. "ఆ గాలిని నా కడుపు మీదికి తెస్తావా? రేపు పొద్దున్నే బస్సెక్కి కోయిలకుంట్లకు, మాయమ్మ దగ్గరికి పోతాండా" అని సంచి సర్దేసింది.

ఆమెను నిలుపుకోవాలంటే షెడ్డులో దెయ్యం లేదని చూసి రావాలి. ఆ రాత్రి ఓబుళేశు ఒక్కడే బయలుదేరాడు... పైకి మీసం, లోపల వణుకు.

తలుపుకు తాళం లేదు. తోస్తే కిర్రుమంది.

చీకటి...

టిక్.

బల్లి అనుకున్నాడు. శుభమే పలికిందని సర్దుకున్నాడు కూడా.

టిక్... టిక్...

రాళ్ల బస్తాల వైపు ఏదో కదిలింది — టిక్‌టిక్‌టిక్‌టిక్!

తెల్లగా, నిలువెత్తున ఉంది. ముఖం ఉండాల్సిన చోట పంది ముట్టె లాంటిదేదో... అది మెల్లగా ఇటు తిరిగి, బొంగురుగా, "ఓబుళేశూ..." అంది.

పేరు పెట్టి పిలిచింది! పై ప్రాణాలు పైనే పోయాయి. కాళ్లకు బుద్ధి చెబుదామంటే కాళ్లు వినడం లేదు. "సామీ... పెండ్లాము కడుపుతో ఉండాది... నన్ను ఇడ్సిపెట్టు..."

"నేనేనన్నా, ఆరాధనను!" అంటూ తెల్లకోటులో ఉన్న ఆ ఆకారం మూతికున్న మాస్కు కొంచెం పక్కకు లాగింది. "ముందు బయటికి నడువు. ముక్కుకు గుడ్డ కూడా లేదు నీకు!"

బయటికొచ్చాక అడిగింది. "ఈ కిటికీలన్నీ మూసిందెవరు?"

"మేమే మేడం... గాలి బయటికి రాకుండా."

మేడం తల పట్టుకుంది. "ఆ గాలి కాదన్నా! ఆ రాళ్లలో పుట్టుకతోనే కాస్త రేడియేషన్ ఉంటుంది. వాటిలోంచి రేడాన్ అని ఒక వాయువు వస్తుంది. మూసిన చోట చేరితే ఊపిరితిత్తులకు చేటు. తలుపులు తెరిస్తే పోతుంది. ఈ టిక్‌టిక్ రేడియేషన్ కొలిచే మిషన్‌ది, సాయంత్రమే తెప్పించి, కొలుద్దామని వచ్చా. గ్యాస్ అంటే సిలిండర్ పేలుతుందని పరిగెత్తుతారని... తెలుగులో చెప్పాను."

ఆ పొడి పీల్చకూడదని, మాస్కు కట్టుకోనిదే పని చేయకూడదని, ఒంటికి అంటితే స్నానం చేయకుండా ఇంట్లోకి పోకూడదని గట్టిగా చెప్పి పంపింది.

ఓబుళేశు దారంతా నవ్వుకుంటూ వచ్చి, వాకిట్లోంచే కేకేశాడు. "దయ్యమూ ల్యా, గియ్యమూ ల్యా! రాళ్లలోనించి వచ్చే గాలంట, అంతే!"

శివజ్యోతి గడపలో అడ్డంగా నిలబడింది. "కంటికి కనపడ్తాదా?"

"ల్యా."

"వాసనన్నా వస్తాదా?"

"రాదంట."

"మనిషి లోపలికి పోతే?"

"ఊపిరితిత్తుల్లో చేరి... శానా చేటు చేస్తాదంట. కిటికీలు తెరిసి, మాస్కు కట్టుకోవల్లంట. ఆ దుమ్ముతో స్నానం చెయ్యకుండా ఇంట్లోకి రాకూడదంట."

"మల్ల దయ్యమంటే ఇంకెట్లుంటాది?"

ఓబుళేశు పక్కనుంచి మెల్లగా లోపలికి దూరబోయాడు.

"కిటికీలు తెరిసి, చేతికి మాస్కు ఇచ్చేదాకా ఆ షెడ్డు గడప తొక్కినావో... నువ్వూ సంచి సర్దుకో, ఇద్దరమూ కోయిలకుంట్లకే" అంటూ, బిందెడు చన్నీళ్లు అతని నెత్తిన కుమ్మరించింది శివజ్యోతి.