చిలకమ్మ ఐదో సంతానం

అది 1982 ఆషాఢ అమావాస్య... అసుర సంధ్య వేళ! సముద్రం మీంచి లేచిన కారుమేఘాలు విశాఖ రేవు క్రేన్లను ఒక్కొక్కటిగా మింగేస్తున్నాయి. వన్‌టౌన్ గోదాముల చూరుల్లో గుడ్లగూబలు కర్ణకఠోరంగా కూస్తున్నాయి. దీపం పెట్టాల్సిన ఆ వేళ గంగాభవాని జుట్టు విరబోసుకుని వాకిట్లో నిలబడి, ఎవరో పిలుస్తుంటే వింటున్నట్టు చెవి ఒగ్గి ఉంది.

ఆమె భర్త శ్రీరామ్మూర్తి రేవులో సరుకు లెక్కరాసే గుమస్తా. ఊరికే వచ్చే సరుకును అతను చచ్చినా నమ్మడు. అందుకే గురునాథరావు మీద మొదటి రోజే అనుమానం పుట్టింది.

గంగాభవాని ఊరు స్టీలుప్లాంటు కింద పోయింది. నిర్వాసితుల కార్డు రావాలంటే ఆమె తల్లి చిలకమ్మ అని రుజువు చూపాలి. ఊరి జనన మరణాల పాత రిజిస్టర్లు గొలుసుకట్టు రాతలో ఉన్నాయి. అది చదవగలవాడు ద్వారకా నగర్‌లో గురునాథరావు ఒక్కడే అన్నారు. ఎక్కణ్ణుంచో వచ్చి స్థిరపడ్డవాడు, మహా పండితుడు, పైసా పుచ్చుకోడు!

ఆ పండితుడు జననాల పుస్తకంలో ‘ఆడశిశువు, తల్లి చిలకమ్మ’ అన్న పంక్తిని చప్పున పట్టేశాడు. పని అయిపోయినా ఆగలేదు. మరణాల పుస్తకం తెరిచి, గంగాభవానికి ముందు పుట్టి పోయిన నలుగురు పసికందుల పేర్లనూ వేలితో నిమురుతూ చదివాడు. ఆకలిగొన్నవాడు విస్తరి చూసినట్టు చూశాడు.

“తండ్రి పేరు అబద్ధం కావచ్చు. తల్లి పేరు కాదు. నలుగురూ పోయి ఈమె ఒక్కతే ఎందుకు నిలిచిందో ఎప్పుడైనా ఆలోచించారా?” అన్నాడు.

జవాబు వినకుండానే ఆమె జన్మనక్షత్రం అడిగాడు. స్టీలుప్లాంటు ఫారంలో నక్షత్రం గడి ఎక్కడుందో శ్రీరామ్మూర్తికి బోధపడలేదు. అమాయకంగా గంగాభవాని చెప్పేసింది. ఆ వారమే దండెం మీద ఆమె రవికె మాయమైంది. అప్పట్నుంచి ఆమెకు తిండి సయించదు, నిద్ర పట్టదు, రోజు రోజుకీ చిక్కి సగమైంది.

ఇప్పుడు ఆమె నడుస్తోంది... భర్త చెయ్యి పట్టుకుంటే పసిపిల్లాడి చెయ్యిలా విదిలించి పారేసింది! శ్రీరామ్మూర్తి వెంట పరుగెత్తాడు. పూర్ణా మార్కెట్ మూలమీద చేపలమ్మే దేముడమ్మ వాళ్ళను చూసి గంప వదిలేసి పరుగెత్తుకొచ్చింది. గంగాభవానిది, ఆమెదీ ఒకే ఊరు. దేముడమ్మ ఈమెను తవిటీ అంటుంది, గంగాభవాని ఆమెను అమ్మా అంటుంది. ఏదో ఊరి అభిమానంలే అని అతను ఎన్నడూ ఆరా తీయలేదు. దారిలోనే ఆమెకు సంగతంతా చెప్పాడు.

గంగాభవాని పాడుబడ్డ గోదాము ముందు ఆగింది. లోపల... హోమగుండం! దాని ముందు సిందూరం పులిమిన కపాలం, పక్కన ఆ రవికె చుట్టిన పిండిబొమ్మ! ఎర్రపంచెలో గురునాథరావు వికటాట్టహాసం చేశాడు. నలుగురు తోబుట్టువులు పోగా మిగిలిన సంతానాన్ని బలిస్తే మృత్యువే తనకు దాస్యం చేస్తుందట. అలాంటి సంతానం కోసమే ఇన్నేళ్ళుగా ఊరూరి మరణాల పుస్తకాలు తిరగేస్తున్నాడట.

“చిలకమ్మ గర్భసంజాతను స్వీకరించు!” అంటూ కపాలం మీద రక్తం చిలకరించాడు.

పిడుగు పడింది. కపాలం కనుగుంటల్లో నీలిమంట లేచింది. గంగాభవాని గుండంవైపు అడుగు వేసింది. భార్య కళ్ళముందే పోతుంటే శ్రీరామ్మూర్తి ఏమీ చెయ్యలేక లోలోపల ఏడ్చాడు.

దేముడమ్మ మాత్రం చేపల చేతులు కొంగుకు తుడుచుకుంటూ నేరుగా వెళ్ళి గంగాభవాని రెక్క పట్టుకుంది.

“ఇది సిలకమ్మ కూతురు కాదు బాబూ. నా కూతురు. పుట్టినోల్లు పుట్టినట్టు పోతంటే, సిలకమ్మ దీన్ని పెంటకుప్ప మీద పడుకోబెట్టి, సేటెడు తవుడుకి నాకు అమ్మీసింది. నాను కొనుక్కున్నాను. పాలిచ్చి పెంచమని మళ్ళీ దానికే ఇచ్చినాను. మా ఊల్లో ఎవుల్నడిగినా సెప్తారు.”

గురునాథరావు మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. అది ఏ పుస్తకంలోనూ లేదు!

కపాలంలోంచి ఒక స్వరం... సముద్రగర్భంలోంచి వచ్చినట్టు... “ఏదీ చిలకమ్మ సంతానం?”

ఎవరూ లేరు. చిలకమ్మ పిల్లలందరూ ఎప్పుడో పోయారు. పిలిచినవాడు ఒక్కడే ఎదురుగా ఉన్నాడు. రక్తం రుచిచూసిన ఆ శక్తి ఖాళీ చేతులతో వెనుదిరుగుతుందా? నీలిమంట ఫణిలా లేచి గురునాథరావును పెనవేసుకుంది. అతని ఆర్తనాదం ఉరుములో కలిసిపోయింది. పిండిబొమ్మ ముక్కలైంది. గంగాభవాని కళ్ళు నులుముకుని, “అమ్మా, ఆకలేస్తంది” అంది. శ్రీరామ్మూర్తి అక్కడే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

గోదాము మీద పిడుగుపడి గురునాథరావు పోయాడని పోలీసులు రాసుకున్నారు. తెలిసినవాళ్ళు ఇంకెవరూ లేకపోవడంతో మరణం నమోదు చేయించడానికి శ్రీరామ్మూర్తినే రమ్మన్నారు. మరణాల పుస్తకం రాసే గుమస్తా, చనిపోయినవాడి పేరు రాసుకుని, తల్లి పేరు అడిగాడు.

లోకంలో ఉన్న తల్లుల పేర్లన్నీ పోగేసుకున్నవాడు తన తల్లి పేరు ఎవరికీ చెప్పలేదు. తెలీదన్నాడు శ్రీరామ్మూర్తి. గుమస్తా ఆ గడిలో అడ్డగీత గీసి పుస్తకం మూసేశాడు.