పులిసిన ఆసక్తి

చుక్క ముక్కులో పడి ఎంతసేపైనా నూకరత్నానికి మూత్రపిండాల మీద ప్రేమ పుట్టలేదు. రోజూ ఈపాటికి సూక్ష్మదర్శిని దగ్గరికి పరిగెత్తేది. ఇవాళ ఆవులింతొచ్చింది.

పక్క బల్ల దగ్గర ఆచార్య భానోజీరావు గారు గోళ్లు గిల్లుకుంటున్నారు. ఇరవయ్యేళ్లుగా కృత్రిమ గుండె కవాటాలే లోకంగా బతికిన మనిషి.

"ఏటమ్మా, గుండెకి కవాటం ఉంటే ఏటి, లేకపోతే ఏటి?" అన్నారు.

అంటే ఆయన చుక్క కూడా పనిచెయ్యలేదన్నమాట. కొలతకి మండలివాళ్లు వచ్చేది ఇవాళే!

బయోఇంజినీరింగ్ విభాగంలో ఎవరికి దేని మీద ఆసక్తి ఉండాలో ఏటేటా ఆసక్తి మండలి తేలుస్తుంది. ఆ ఆసక్తిని ఇంక్యుబేటర్లో గాజుపళ్లేల మీద కణాలుగా పెంచి, దాని కుళాయిల్లోంచి పొద్దున్నే చుక్కలుగా పంచుతారు. ఆసక్తిని కొలిచే మాపకంలో ముల్లు పచ్చగీత దాటని విద్యార్థి సీటు ఆ పూటే పోతుంది. ఇంతకన్నా దిక్కుమాలిన ఏర్పాటు ఇంకోటి లేదు. కానీ ఆ మాట అనడానికైనా దాని మీద ఆసక్తి ఉండాలిగా, అలాంటి చుక్క ఎవరూ పంచరు.

పరిగెత్తుకెళ్లి ఇంక్యుబేటర్ తలుపు తీసింది. లోపలంతా తెల్లగా, పుల్లటి వాసన. హాస్టల్లో చలికి పులియడం లేదని నిన్న సాయంత్రం ఇడ్లీపిండి గిన్నె తెచ్చి ఇందులో పెట్టింది తనే. చలికాలంలో అందరూ చేసే పనే. కాకపోతే మిగతావాళ్లు గిన్నె సగమే నింపుతారు. పిండి పొంగి పళ్లేలన్నిట్నీ ముంచేసింది. విభాగం ఆసక్తంతా పులిసిపోయింది.

"చచ్చాన్రా దేవుడా!" అనుకుంటూ గరిటెతో గీకడం మొదలుపెట్టింది.

అడుగు అరలో పిండి ఆరి ఇడ్లీలా గట్టిపడింది. దాని కింద తను పెంచుతున్న మూత్రపిండ కణాల పళ్లెం. ఎంత బతిమాలినా చాపలా పరుచుకోవడమే తప్ప లేచి నిలబడని మొండిఘటాలవి. ఎంత పాడయ్యాయో చూద్దామని, వాటికి అంటుకున్న పిండిముక్కని సూక్ష్మదర్శిని కింద పెట్టింది.

కణాలు పిండి చిల్లుల్లోకి ఎక్కి, ఒకదాన్నొకటి పట్టుకుని గొట్టాలు కట్టాయి. ఆ పులుపుకి చావాలి. చావలేదు. ఎందుకు చావలేదు?

నూకరత్నం ఒళ్లు ఝల్లుమంది. చుక్కతో వచ్చే ప్రేమలో ఈ కంగారు ఎప్పుడూ లేదు.

అంతలో మండలి నుంచి విమలాంబ గారు రానే వచ్చారు. వరసగా ఒక్కొక్కరి నుదుటికీ మాపకం ఆనించారు. అందరిదీ సున్నా. భానోజీరావు గారిదైతే సున్నాకీ కిందే. నూకరత్నం దగ్గరికొచ్చేసరికి ముల్లు ఎగిరి చివరి గీతకి కొట్టుకుంది.

"ఏ చుక్క వేసుకున్నావు?"

"వేసుకున్నది పనిచెయ్యలేదండి. పిండి పొంగి అన్నీ పాడయ్యాయి. ఆ పిండి నాదేనండి."

"మరి ఇంత ఆసక్తి ఎక్కణ్ణించొచ్చింది?"

"దానంతటదే వచ్చిందండి. పిండిలో ఈ కణాలు ఎందుకు చావలేదా అని..."

"దానికి అనుమతి లేదు." ఆవిడ సంచిలోంచి చుక్కల సీసా తీశారు. "ఇది మూత్రపిండాలది, తాజాది. వేసుకో, నీ సీటు నీకుంటుంది. పిండి సంగతి నేనూ మర్చిపోతాను."

"వేసుకుంటే ఇది పోతుందాండీ?"

"పోక? రెండు ఆసక్తులు ఒక బుర్రలో ఎలా ఇముడుతాయి?"

సీటు పోతే ఈ సూక్ష్మదర్శినీ పోతుంది. నూకరత్నానికి ఏడుపొచ్చింది. అయినా సీసా దగ్గరికి రాగానే రెండు వేళ్లతో ముక్కు గట్టిగా మూసుకుంది.

"అంతలా ఏటుందమ్మా అందులో?" అంటూ భానోజీరావు గారు ఆవులిస్తూనే వంగి చూశారు. ఆవులింత మధ్యలోనే ఆగిపోయింది. మర తిప్పి మళ్లీ చూశారు.

"మినపప్పు ఎంత వేశావు?" అన్నారు చివరికి. ఇరవయ్యేళ్లలో నిజంగా తెలుసుకోవాలని ఆయన సొంతంగా అడిగిన మొదటి ప్రశ్న అది.

"ముందు మీరు వేసుకోండి ఆచార్యా, కవాటాలది!" విమలాంబ గారు ఇంకో సీసా పట్టుకుని ఆయన మీదికి వంగారు.

భానోజీరావు గారు కన్ను సూక్ష్మదర్శిని మీంచి తియ్యకుండానే ముక్కు మూసుకున్నారు.

"నాకొద్దండీ," అన్నారు ముక్కుతో. "ఒరే, ఎవరైనా ఆ మిగిలిన పిండి పారబొయ్యకుండా చూడండ్రా!"